పద్నాలుగు ప్రశ్నలూ ఒక బట్టమేకా

మీరు నవ్వుతానంటే చెబుతాను. నవ్వనన్నా చెబుతాను. ఉదయగిరి కంపల్లో ఒక పొద్దున నేను చేసిన ఘనకార్యం గురించి ఆత్మకూరు బస్టాండులో ఇప్పటికే నాలుగైదు రకాలుగా చెప్పుకుంటున్నారు. ఒక కథలో నేను బోరున ఏడ్చానట. ఏడవలేదు. ఇంకో కథలో నన్ను ఉద్యోగంలోంచి పీకేశారట. పీకలేదు, పీకబోయారు. వాళ్ల నోళ్లలో పడి నా పరువు పూర్తిగా పోయేకంటే, నేనే చెప్పుకుని కాస్త మిగుల్చుకోవడం మంచిదని ఇది రాస్తున్నాను. చిన్న సంగతేమీ కాదు. ఒక సంస్థనీ, ఒక విలేకరినీ, కన్నతండ్రినీ ఒకే పొదలో కూర్చోబెట్టి నేను ముంచిన కథ ఇది.

నా పేరు సులోచన. కళ్లద్దాలు పెట్టుకునే దానికి ఆ పేరేమిటన్న జోకు ఒకటో తరగతి నుంచీ వింటున్నాను, మీరు కొత్తగా వేయక్కర్లేదు. పక్షుల మీద పరిశోధన చేస్తాను. వాటిని కాపాడే పనిలో ఉంటాను. బడులకు వెళ్లి పిల్లలకు పిట్టల పాఠాలు చెబుతాను. ఇప్పుడు ఇంత ధీమాగా చెబుతున్నాను గానీ, ఇరవై మూడేళ్ల వయసులో ఇదే మాట ఇంట్లో చెబితే మా నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఆత్మకూరు దగ్గర పల్లెలో సేద్యం ఆయనది. ఊళ్లో ఏ తగువైనా ఆయన అరుగు మీదికే వస్తుంది. నా తగువు మాత్రం ఆయనతోనే.

"పిట్టల్ని చూసేది ఉద్యోగమా అమ్మణ్ణీ? అది ఉద్యోగమయితే మనూళ్లో పనిలేనోడే లేడు."

"చూసేది కాదు నాయనా, పరిశోధన."

"సరే, ఆరు నెలలు పరిశోధించు. ఆ తర్వాత నోరు మూసుకోని బ్యాంకు పరీక్షకి కూర్చోవాల."

ఆరు నెలలు అని ఆయన ఊరికే అనలేదు. హైదరాబాదులోని మా సంస్థ నాకిచ్చిన గడువు కూడా అంతే. మా సార్, అంటే ఆ సంస్థ పెద్ద, స్పష్టంగా చెప్పారు. నెల్లూరు జిల్లా పడమటి మండలాల బీళ్లలో బట్టమేక జాడ దొరికితే ఇక్కడి పని కొనసాగుతుంది, నేనూ ఉంటాను. దొరక్కపోతే ఫైలు మూసేస్తారు, నేను ఇంటికి వెళ్లిపోతాను. ఇంటికి అన్నచోట బ్యాంకుకి అని చదువుకోండి.

తెలియనివారి కోసం ఒక మాట. బట్టమేక అంటే పక్షి. చాలా పెద్ద పక్షి. పొడవాటి తెల్లటి మెడ, నెత్తిన నల్లటి టోపీ, మట్టిరంగు వీపు. గడ్డిబీళ్లలో ఠీవిగా నడుస్తుంది. దేశంలోనే దాదాపు కనుమరుగైపోయింది. దానికి మేక పేరు ఎవరు పెట్టారో నాకు తెలియదు. తెలిస్తే వాళ్లింటికి వెళ్లి రెండు మాటలు అడగాల్సి ఉంది.

మా సార్ తయారు చేసిన ఫారంలో పద్నాలుగు ప్రశ్నలుండేవి. ఆ ఫారానికి రెండు కట్టుబాట్లు. ఒకటి, ముందుగా బొమ్మ చూపించకూడదు. చూపిస్తే పల్లెవాళ్లు మొహమాటానికి "ఆ, చూశాం" అనేస్తారట. రెండు, 'పిట్ట' అన్న మాట మన నోటి నుంచి రాకూడదు. వస్తే మనమే జవాబు అందించినట్టట. ఉత్త పేరు చెప్పాలి, వివరాలు వాళ్ల నోటే రాబట్టాలి. ఇది శాస్త్రీయ పద్ధతి. నేను శాస్త్రీయ పద్ధతిని మంగళసూత్రం కంటే భక్తిగా పట్టుకున్న రోజులవి. బొమ్మ సంచి అడుగున, నాలుగు మడతల్లో ఉండేది.

ఐదున్నర నెలలు తిరిగాను. కొండాపురం బీళ్లు, ఉదయగిరి కొండ కింది కంపలు, కాలిబాటలు, గొర్రెల బాటలు. ఎవరినడిగినా "లేదు", "తెలీదు", "నీకు పెండ్లయిందా?" ఈ మూడే జవాబులు. ఇంకో రెండు వారాలుంటే గడువు అయిపోతుందనగా పెంచలయ్య తాత కనిపించాడు.

పెంచలయ్య తాత ఉదయగిరి పక్కన జీవాలు మేపుకునే మనిషి. గొర్రెల్నీ మేకల్నీ కలిపి జీవాలంటారు మా వైపు. పొద్దు బాగా ఎక్కిన వేళ, మంద మేస్తుంటే కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. నేను ఫారం తీసి మొదటి ప్రశ్న వేశాను.

"తాతా, ఈ పక్క బట్టమేక ఉండాదా?"

ఆయన కర్ర మీది గడ్డం లేచింది.

"ఉండాది. నీకెట్టా తెలుసు?"

పెన్ను మూత తీశాను. తొందరపడకూడదు. శాస్త్రీయ పద్ధతి.

"ఎంత ఎత్తు ఉంటాది తాతా?"

"నా నడుం కాడికి."

"రంగు?"

"ఒళ్లంతా మట్టి రంగు. మెడ తెలుపు. నెత్తి నలుపు."

బొమ్మలో ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాడు.

"నడక ఎట్టుంటాది?"

"దాని నడకే యేరు పాపా. మెడెత్తి, ఎవురినీ లెక్కచెయ్యకుండా పోతాది."

"ఏం తింటాది?"

"ఏందైనా తింటాది. రేగిపండ్లు కనపడితే ఇంక ఆడి నుంచి కదలదు."

మా పుస్తకాల్లోనూ రేగిపండ్లు ఉన్నాయి.

"అరుస్తాదా?"

"ఎప్పుడో గాని అరవదు. అరిస్తే మాత్రం కొండ అవతలికి ఇనపడతాది."

అదీ సరిపోయింది. ఇక అసలైన ప్రశ్న. దీనికి జవాబు సరిగ్గా వస్తే సందేహాలన్నీ తీరిపోతాయని మా సార్ ప్రత్యేకంగా గీత గీసిన ప్రశ్న.

"తాతా, ఎగరతాదా?"

"ఎగరతాదా అంటావేంది! నా తలకాడికి ఉండాది కంపదడి. ఒక్క ఎగురు ఎగిరి అవతల పడింది. నా కళ్లారా చూసినాను."

'తక్కువ ఎత్తులో ఎగురును' అని రాసుకున్నాను. నెమళ్లూ, కోళ్లూ, మేకలూ, మా ఊరి ప్రెసిడెంటు ఎన్నిక గెలిచిన రోజున ఆయన మనుషులూ అందరూ ఎగురుతారనీ, తెలుగులో ఎగరడానికి రెక్కలు ఉండి తీరాలన్న నియమం లేదనీ నాకు ఆ నిమిషాన తట్టలేదు.

"ఒక తూరికి ఎన్ని పెడతాది?"

"పోయినేడు ఒకటే పెట్టింది."

ఒక్కటే! బట్టమేక ఒక్క గుడ్డే పెడుతుంది. నాకు కళ్లద్దాలు మసకబారాయి.

"గుడ్లు ఏ రంగు తాతా?"

తాత కాస్త ఆలోచించాడు. ఇంత వివరంగా అడిగే మనిషి ఆయనకు జీవితంలో తగల్లేదు పాపం.

"గుడ్లా? తేనె రంగు. మద్దెలో నల్లంగా అడ్డగీత ఉంటాది. ఆ గుడ్లతో ఒక చూపు చూసిందంటే మనమే తల దించుకోవాల."

నేను మొదటి రెండు వాక్యాలూ రాసుకుని మూడోది వదిలేశాను. కవిత్వమనుకున్నాను.

మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. ఎందుకు అర్థం కాదు? మీరు ఫ్యాను కింద కూర్చుని చదువుతున్నారు. నేను ఎండలో, గడువు చివర, మెడ మీద బ్యాంకు పరీక్ష పెట్టుకుని నిలబడ్డాను. అటువంటప్పుడు మనిషికి వినాలనుకున్నదే వినిపిస్తుంది. కావాలంటే మీ పెళ్లిచూపులు గుర్తు చేసుకోండి.

"ఇప్పుడు యాడుండాది?"

"పదైదు దినాలాయె పాపా, కంపలోకి పోయి. తెల్లారతా వాగు పక్క బీటికి వస్తాది. మనిషి అలికిడయితే పరారు. మా బట్టమేక మాదిరిది ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు."

ఆయన 'మా బట్టమేక' అన్నప్పుడు నేను పక్కన ఏం రాసుకున్నానో చెప్పనా? 'ప్రకృతితో మమేకమైన స్థానికుల మమకారం.' ఆ ఫారం ఇప్పటికీ నా దగ్గర ఉంది. చించేయమని చాలామంది చెప్పారు. చించను.

"దాన్ని ఎతికేదానికే వచ్చినారా మీరు?" అన్నాడు తాత.

"దానికోసమే తాతా. హైదరాబాదు నించి మా పెద్దసారు కూడా వస్తాడు."

"దాని కోసం హైదరాబాదు నించా!" తాత కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా ఆడమనిషేమో పోతే పోనీలే అంటాది. దాని ఇలవ తెలిసినోళ్లు ఉండారు పాపా, ఉండారు!"

బండ ఎక్కితే గానీ సిగ్నలు దొరకలేదు. మా సార్‌కి ఒక్కో జవాబూ చదివి వినిపించాను. గుడ్ల దగ్గర ఆయన ఆపారు.

"మళ్లీ చెప్పండి. అడ్డగీతా?"

"అవును సార్. తేనె రంగు మీద నల్లటి అడ్డగీత."

ఆయన గది తలుపు మూసిన చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి, "సులోచనా, ఇది ఇంతవరకూ ఎవరూ నమోదు చేయని విషయం. ఎవరికీ చెప్పకండి. నేను విలేకరితో వస్తున్నాను" అన్నారు.

నేను ఇంకో ఫోన్ చేశాను. అది చేయకుండా ఉండాల్సింది. కానీ ఆరు నెలలుగా లోపల ఉడుకుతున్న దాన్ని.

"నాయనా, ఎల్లుండి పొద్దున్నే ఉదయగిరి రా. నీ కూతురు ఏం పని చేస్తా ఉండాదో నీ కళ్లతో చూడు."

"ఏం చూపిస్తావు?"

"బట్టమేకని."

"మేకని చూసేదానికి ఉదయగిరి దాకా ఎందుకు? మనింట్లోనే ఉండాయి గదా."

"మేక కాదు నాయనా! పక్షి!"

"పక్షికి మేకని పేరేంది?"

"నీకు చెప్పినా అర్థం కాదులే" అని పెట్టేశాను. నాగలి పట్టే ఆ మనిషి అడగాల్సిన ప్రశ్న అడిగాడు. ఎమ్మెస్సీ చదివిన నేను ఫోన్ పెట్టేశాను.

చెప్పిన రోజు వచ్చింది. వాగు పక్కన కంపకొమ్మలు అడ్డం పెట్టి, ఆకుపచ్చ గుడ్డ కప్పి, వెనకాల వరసగా కూర్చున్నాం. మా సార్, ఆయన దూరదర్శిని. విలేకరి, ఆయన కెమెరా. నేను, నా రికార్డరు. మా నాయన, ఆయన ఇడ్లీ పొట్లం. చివరన పెంచలయ్య తాత, చేతిలో పలుపుతాడు.

"తాడెందుకు పెద్దాయనా?" సార్ కంగారుపడ్డారు.

"దొరికితే కట్టేసేదానికి."

"అయ్యయ్యో! దాన్ని ముట్టుకోకూడదు. చట్టప్రకారం నేరం."

"నాదాన్ని నేను ముట్టుకుంటే నేరమేంది సార్?"

సార్ పరవశించిపోయి నా వైపు తిరిగారు. "చూశారా? ప్రజలు తమ సొంతమనుకున్నప్పుడే సంరక్షణ సాధ్యం. రాసుకోండి."

రాసుకున్నాను.

తూరుపు ఎర్రబడింది. మంచు ఇంకా విడలేదు. ఎదురుగా గడ్డి కదిలింది. గడ్డిపైన మొదట నల్లటి నెత్తి, తర్వాత తెల్లటి పొడవాటి మెడ లేచాయి. ఎవరినీ లెక్కచేయని నడకతో మా వైపే వస్తోంది.

"నెత్తి నలుపు," సార్ దూరదర్శినికి కన్ను ఆనించి గొణిగారు, "మెడ తెలుపు… అద్భుతం… నలభై ఏళ్ల నా సర్వీసులో…"

విలేకరి కెమెరా టకటకా కొట్టుకుంటోంది. చూడు నాయనా, చూడు, నీ కూతురి పని ఇది అనుకుంటూ ఆయన వైపు తిరిగాను. మా నాయన దగ్గర దూరదర్శిని లేదు. ఉత్త కళ్లు. ఆయన ఇడ్లీ ముక్క చేతిలోనే పెట్టుకుని పక్కకి వంగి గడ్డి కింద నుంచి చూస్తున్నాడు.

"అమ్మణ్ణీ," అన్నాడు మెల్లగా, "దీనికి పొదుగుండాది."

"ష్!" అన్నారు సార్.

అప్పుడది అరిచింది. ఆ అరుపు ఏమిటో నేను రాయక్కర్లేదు. నా రికార్డింగు ఇప్పటికీ ఉంది, చాలా స్పష్టంగా వచ్చింది. అరిచి, పరిగెత్తి, మేం పెట్టిన కంపదడిని ఒక్క ఎగురు ఎగిరి సరిగ్గా మా సార్ ఎదుట దిగింది. కొమ్ముల్లేని బోడిమేక. నెత్తిన అరచేయంత మేర వెంట్రుకలు పోయి నల్లటి తోలు తేలి ఉంది. తేనె రంగు గుడ్లు, మధ్యలో నల్లటి అడ్డగీత. ఆ గుడ్లతో మమ్మల్ని ఒక చూపు చూసింది. తల దించుకున్నాం. తాత చెప్పింది కవిత్వం కాదు.

తాత అప్పటికే దాని మెడ కౌగిలించుకుని ముద్దులు పెడుతున్నాడు. "దొరికిందిరా నాయనా! నా తల్లి దొరికింది! పాపా, మీ మేలు మరిచిపోను!"

"ఏమిటయ్యా ఇది!" సార్ గొంతు కీచుమంది. "బట్టమేక అన్నావు!"

"బట్టమేకే గదా సార్. నెత్తిన ఇంత బట్ట ఉండాది, కనపడ్లా?"

విలేకరి నవ్వు ఆపుకోలేక వాగులోకి దిగిపోయాడు. మా నాయన ఇడ్లీ పొట్లం ముడేశాడు. మా సార్ నన్ను పక్కకి పిలిచి, అప్పటికప్పుడు ఒక దారి చూపించారు. ఆయన చెడ్డవాడు కాదు. నా ఉద్యోగం నిలబెట్టాలనే చూశారు.

"రిపోర్టులో ఒక్క వాక్యం రాయండి. సమాచారం ఇచ్చిన వ్యక్తి అబద్ధపు వివరాలతో తప్పుదోవ పట్టించాడని. నిరక్షరాస్యుడు కదా, ఎవరూ ఏమీ అనుకోరు. మీ గడువు ఇంకో ఆరు నెలలు పొడిగిస్తాను."

ఒక్క వాక్యం. నా ఆరు నెలలు, నా పిట్టలు, నా జీవితం, అన్నీ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను, రాసేద్దామనే అనిపించింది. పక్కకి పిలిచారే గానీ సార్ గొంతు చిన్నది కాదు. తాతకి వినిపించింది. మేక మెడ వదిలి నిలబడ్డాడు.

"నేను అబద్ధం చెప్పినానా పాపా?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ముందు నా మీద, తర్వాత ఫారం మీద, ఆ తర్వాత సార్ మీద. సంచిలోంచి ఫారం తీసి, అందరి ఎదుటా, మొదటి ప్రశ్న నుంచి చదివాను. ఎత్తు నడుము దాకా. మేకని చూపించాను. మెడ తెలుపు. చూపించాను. ఎగురును. "ఇప్పుడే మీ కళ్ల ముందే ఎగిరింది కదా సార్?" గుడ్లు తేనె రంగు. "దగ్గరికి వెళ్లి చూసుకోండి. పద్నాలుగు జవాబుల్లో అబద్ధం ఏదో చెప్పండి, అది రాస్తాను."

సార్ దూరదర్శినికి మూతలు పెట్టుకున్నారు.

ఆ ఊపులోనే సంచి అడుగున నాలుగు మడతల్లో ఉన్న బొమ్మ లాగి తాతకి చూపించాను. శాస్త్రీయ పద్ధతి ఉన్న చోటే ఉండనీ అనుకున్నాను.

"ఇదా!" అన్నాడు తాత. వేలితో దాని మెడ తడిమాడు. "నేను ఇంత ఉండేటప్పుడు మా నాయన చూపించినాడు. ఇదే బీట్లో. రెండుండె. ఆ తర్వాత అవతలి బీడంతా దున్నేసినారు, మళ్లా రాలా. మొదటే ఈ బొమ్మ చూపిచ్చి ఉంటే చెప్పి ఉందును గదా పాపా. మీరు మేకని గురించి అడిగితిరి, నేను మేకని గురించి చెప్తిని."

ఎవరూ నవ్వలేదు. ఐదున్నర నెలలు నేను వెతికిన జవాబు అది. లేదు అన్న జవాబే, కానీ చూసిన మనిషి నోటి నుంచి వచ్చిన జవాబు. అది నాకు ముందే అందకుండా చేసింది నా నాలుగు మడతలే. ఆ క్షణంలో మేక దొరికినందుకు కాదు, పిట్ట పోయినందుకు ఏడుపొచ్చింది. ఏడవలేదని మొదట్లోనే చెప్పాను. కళ్లద్దాలు తుడుచుకున్నాను.

తిరుగు దారిలో జీపులో మా నాయన ఇడ్లీ పొట్లం మళ్లీ విప్పాడు. బ్యాంకు మాట ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని కాచుకుని కూర్చున్నాను. ఇంటి ముందు దిగేటప్పుడు, "ఆ సారు ముందర కాగితం చదివినావే, అది బాగుండాది" అని లోపలికి వెళ్లిపోయాడు. అంతే. మర్నాడు పేపర్లో వార్త వచ్చింది, మేక ఫొటోతో సహా. టీ అంగడి దగ్గర ఎవరో "ఏం సామీ, మీ పాప ఆరు నెలలు ఎతికి మేకని కనిపెట్టిందంటనే" అన్నారట. "మా పాప ఎతికింది, దొరికింది. మీవోడు మూడేండ్లుగా నెల్లూరులో ఉద్యోగం ఎతకతా ఉండాడు, దాని తోకన్నా కనపడిందా?" అన్నాడట మా నాయన.

నేను రిపోర్టు పంపాను. అందులో సార్ అడిగిన చోట ఒక్క వాక్యమే రాశాను. 'సమాచారమిచ్చిన పెంచలయ్య గారు ప్రతి ప్రశ్నకూ నిజమే చెప్పారు, తప్పు ప్రశ్నలది.' కింద, బొమ్మ చూశాక ఆయన చెప్పినదంతా ఉన్నదున్నట్టు రాశాను. మూడు రోజుల తర్వాత సార్ ఫోన్ చేశారు.

"ఆ వాక్యం తీసేయండి."

"తీయను సార్."

"ఉద్యోగం పోతుంది."

"పోనీయండి సార్. వాక్యం ఉంటుంది."

ఆయన నిట్టూర్చిన శబ్దం హైదరాబాదు నుంచి స్పష్టంగా వినిపించింది. "అంత తప్పులతడకైతే ఆ ఫారం మీరే కొత్తగా రాయండి. ఇంకో ఆరు నెలలు ఇస్తున్నాను" అని పెట్టేశారు. రాసి పంపిన రోజు సాయంత్రమే మళ్లీ ఫోన్.

"సులోచనా, మొదటి ప్రశ్న 'కాళ్లు ఎన్ని?' అని ఉంది. ఇది పక్షుల సర్వే అమ్మా."

"అందుకే సార్."

ఇప్పటికీ మా ఫారంలో మొదటి ప్రశ్న అదే. కొత్తగా చేరే పిల్లలు చూసి ముసిముసిగా నవ్వుకుంటారు. మూతి బిగించి అడగమంటాను. మొన్న కలువాయిలో ఒక అవ్వ ఆ ప్రశ్న విని నన్ను కిందికీ మీదికీ చూసింది. "పిట్టకి కాళ్లెన్నని అడగతా ఉండావే, సదువుకున్నదానివేనా?"

"సదువుకున్నాను కాబట్టే అవ్వా, అడగతా ఉండాను" అన్నాను.

కావున, నవ్వుతున్న పాఠక మహాశయులారా, ఉదయగిరి కొండ సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కాళ్లు లెక్కపెట్టనిదే ఏ ప్రాణినీ పక్షి అని ప్రకటించను. చెప్పిన మనిషిని అబద్ధాలకోరు అని ఏ కాగితం మీదా రాయను. ఒకవేళ కాళ్లు నాలుగని తేలితే, ఫారం మడిచి సంచిలో పెట్టుకుని, ముందు ఆ మేకని వెతికిపెట్టి ఆ తర్వాతే ఇంటికి వెళతాను.